ఖాతాలో వేసి కాటాలో లాగేస్తారా?



కొంతకాలం కిందట ఒక మిల్లు గేటు దగ్గర జరిగిన మాట ఇది. నైట్ షిఫ్టుకు బదిలీ కార్మికులు తక్కువగా వచ్చారు. రింగ్ ఫ్రేములు కొన్ని ఆగిపోయాయి. గేటు దగ్గర నిలబడిన ఆఫీసరు అందరికీ వినబడేలా అన్నాడు: "రైతు ఖాతాలో రెండు వేలు వేస్తారు, ఆడవాళ్ల ఖాతాలో వెయ్యి వేస్తారు. ఇంక మిల్లుకు ఎవడొస్తాడు? జనాన్ని సోమరిపోతుల్ని చేసి పెట్టారు!"

ఆఫీసరు అలా అనడంలో వింత లేదు. ఆయన తినే తిండి, కట్టే పాట ఒక్కచోటివే. బాధ కలిగించింది వేరొకటి. పక్కనే నిలబడిన మనవాళ్లు ఇద్దరు ముగ్గురు "నిజమే సార్" అని తలవూపారు. ఆ తలవూపు కోసమే ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

ఆ రాత్రి రాని బదిలీవాళ్లు ఎందుకు రాలేదో ఆఫీసరు అడగలేదు. మనం అడిగాం. పురట్టాసి నెల మొదటి వాన పడింది. నల్లరేగడి తడిసింది. ఆ పదును వారం రోజులుంటే గొప్ప. ఆ వారంలో విత్తనం వేయకపోతే ఆ ఏడాది అంతే సంగతులు. వాళ్లు ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకోలేదయ్యా! తెల్లవారక ముందే గొర్రు పట్టుకుని చేలో వున్నారు. మిల్లులో ఎనిమిది గంటల పని మాని చేలో పద్నాలుగు గంటలు పనిచేసినవాణ్ణి సోమరి అనే నాలుక ఏ నాలుక?

మనం ఎవరం?

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్, అరుప్పుకోట, రాజపాళయం – ఈ కరిసల్ సీమలో మిల్లు వేరు, పొలం వేరు కావు. తరాల కిందట తెలుగు దేశం నుంచి వలస వచ్చిన మన పెద్దలు ఈ నల్లమట్టిని దున్నారు. ఇడైసేవల్‌లో పుట్టిన మన తెలుగువాడు కి. రాజనారాయణన్ ఆ వలసనే తమిళంలో నవలగా రాశాడు. ఆయన రచయితే కాదు, రైతు ఉద్యమంలో పనిచేసిన మనిషి కూడా. ఈ నేల మీద పత్తి పండింది కాబట్టే ఇక్కడ మిల్లులు లేచాయి. 1901లోనే తెల్లదొరలు కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం పెట్టారంటే ఈ కరుంగణ్ణి పత్తి మీద వాళ్లకెంత కన్నుండేదో తెలుస్తుంది.

అందుకే ఈనాటికీ మన ఇళ్లల్లో ఒకరు కార్డింగ్‌లో వుంటే ఇంకొకరు కలుపు తీస్తూ వుంటారు. అన్న మిల్లులో సైడర్, తమ్ముడు మానావారి రైతు, వదిన అగ్గిపెట్టెల కంపెనీలో కూలి. జీతం రోజున పొలానికి ఎరువు వెళుతుంది. పంట వచ్చిన నెలలో మిల్లు కార్మికుని అప్పు తీరుతుంది. రైతుకు వచ్చే నగదు సాయం సంగతి మనకెందుకు అనేవాడు తన ఇంటి సంగతి తనకెందుకు అన్నట్టే!

ఎంత ఇచ్చారు? ఏం మారింది?

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరి 24న పి.ఎం. కిసాన్ ప్రారంభించింది. రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, మూడు వాయిదాల్లో. నెలకు 500. రోజుకు పదహారున్నర రూపాయలు కూడా కాదు. 2025–26లో తమిళనాడులో వంద రోజుల పనికి ప్రకటించిన రోజు కూలి 336 రూపాయలు. అంటే నెలకిచ్చే 500, ఒకటిన్నర రోజు కూలి. ఒకటిన్నర రోజు కూలి ఇస్తే మిగిలిన ఇరవై ఎనిమిది రోజులు మనిషి పని మానేస్తాడని చెప్పేవాడికి లెక్కలు రావు, లేదా సిగ్గు లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 15న కలైజ్ఞర్ మహిళా హక్కు మొత్తం పథకం ప్రారంభించింది. నెలకు వెయ్యి రూపాయలు, ఇంటి ఇల్లాలి ఖాతాలో. ఒక కోటీ ఆరు లక్షల మంది స్త్రీలతో అది మొదలైంది. మెట్ట భూమి పది ఎకరాలలోపు, మాగాణి ఐదెకరాలలోపు వున్న కుటుంబాలకు కూడా వర్తింపజేశారు. దీనికి పట్టా అక్కరలేదు. భూమి లేని కూలీ ఇంటికీ వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ కొద్దిపాటి డబ్బు పల్లెలో ఏం చేస్తుంది? మేడలు కట్టదు. కానీ సమయానికి వస్తే ఒక పని చేస్తుంది: వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపుతుంది. పురట్టాసిలో విత్తనానికి రెండు వేలు చేతిలో లేనివాడు ఎక్కడికి పోతాడు? కందు వడ్డీకి పోతాడు. నూటికి నెలకు పది. పది వేలు తీసుకుంటే నెలనెలా వెయ్యి రూపాయలు, అసలు అలాగే వుంటుంది. 2003లో ఈ వడ్డీని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. పధ్నాలుగేళ్ల తర్వాత, 2017 అక్టోబర్‌లో, మన పక్కనే తిరునెల్వేలి కలెక్టర్ ఆఫీసు ఆవరణలో ఒక కూలీ, అతని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు మంటల్లో కాలిపోయారు. కారణం కందు వడ్డీ. చట్టం కాగితం మీద వుంది, అప్పులవాడు గుమ్మంలో వున్నాడు. గుమ్మంలో వున్నవాణ్ణి కాగితం ఆపలేదు. చేతిలో వున్న రెండు వేలు కొంతైనా ఆపుతుంది.

ఆడవాళ్లను అడగండి. మన వీధిలోని ఒక అక్క చెప్పిన మాట: "నెలకు వెయ్యి అంటే పెద్ద మొత్తం కాదన్నా. కానీ బిడ్డకు జ్వరమొస్తే ఆయన జీతం రోజు దాకా ఆగనక్కరలేదు. ఎవరి ముందూ చెయ్యి చాచనక్కరలేదు." అప్పు లేకుండా మందు కొనడం, మొగుణ్ణి అడగకుండా బడి పుస్తకం కొనడం – ఇవి ఆఫీసరు లెక్కల పుస్తకంలో కనపడవు. మన ఇళ్లల్లో కనపడతాయి.

సోమరితనం అనే నింద

"నగదు ఇస్తే జనం తాగుతారు, పని మానేస్తారు" అనే మాట ఈనాటిది కాదు. ఊరికే అనడం కాకుండా పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఏం తేలింది?

మధ్యప్రదేశ్‌లో 2011 జూన్ నుంచి 'సేవ' మహిళా సంఘం, యునిసెఫ్ సాయంతో ఎనిమిది పల్లెల్లో పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 చొప్పున షరతులు లేకుండా ఇచ్చింది. ఏడాది తర్వాత దానిని 300, 150కి పెంచింది. డబ్బివ్వని పల్లెలతో పోల్చి చూసింది. ఆ పల్లెల్లో పని తగ్గలేదు, పెరిగింది! సొంత చేలో పని పెరిగింది. మేకలు, కోళ్లు, గేదెలు పెరిగాయి. పిల్లలు బడికి పోవడం పెరిగింది. అప్పుల వూబి కొంత తగ్గింది. తగ్గిందల్లా ఒక్కటే: గతిలేక మరొకడి చేలో చేసే కూలి.

కెన్యా పల్లెల్లో 2011–12లో పేద కుటుంబాలకు నేరుగా డబ్బిస్తే గడ్డి కప్పు తీసి రేకులు వేసుకున్నారు, పశువులు కొన్నారు. సారాకు పెట్టిన ఖర్చు పెరగలేదు. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాల్లోని ఏడు నగదు పథకాలను పరిశీలించి 2017లో అచ్చువేసిన నివేదికలో, డబ్బు ఇచ్చినందువల్ల జనం పని మానేస్తున్నారనడానికి ఆధారం దొరకలేదన్నారు.

మరి యాజమాన్యాలకు ఎందుకింత కోపం? మధ్యప్రదేశ్ పల్లెల్లో తగ్గిన ఆ ఒక్కటే ఇక్కడ అసలు సంగతి! ఇంట్లో నాలుగు రోజుల గింజలున్నవాడు "ఈ కూలికి రాను" అనగలడు. ఒక్క వారం ఆగగలిగినవాడు బేరమాడగలడు. సమ్మె నిధి వున్న సంఘాన్ని యజమాని ఎలా చూస్తాడో, ఇంట్లో వెయ్యి రూపాయలున్న ఆడకూలీని ఊరి ఆసామి అలా చూస్తాడు. వాళ్లు సోమరితనం అంటున్నది మనిషి 'కాదు' అనగలగడాన్ని!

సుమంగళి పథకం గుర్తుందా? మన జిల్లాల నుంచి, పక్క జిల్లాల నుంచి పదహారు, పదిహేడేళ్ల పిల్లల్ని కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ వైపు స్పిన్నింగ్ మిల్లుల హాస్టళ్లకు తోలారు. మూడేళ్లు పనిచేస్తే చివర్లో ముప్పై వేలో, యాభై వేలో పెళ్లికి చేతికిస్తామన్నారు. జీతంలోంచి కోసి దాచిన సొమ్మును బహుమానంగా చూపించారు. మధ్యలో జబ్బుచేసి వచ్చేసిన పిల్లలకు ఆ సొమ్ము కూడా దక్కలేదు. ఆ పిల్లలు ఎవరి బిడ్డలు? వాన లేక పంట పోయిన మానావారి రైతుల బిడ్డలు. అరుంధతియ కూలీల బిడ్డలు. వాళ్ల తల్లిదండ్రులు బిడ్డల్ని ప్రేమించకనా పంపింది? ఒక్కసారిగా ముప్పై వేలు ఇచ్చే చోటు ఇంకెక్కడా లేక పంపారు.

దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. రాష్ట్రంలో 1989 నుంచి పేద ఆడపిల్ల పెళ్లికి సాయం చేసే పథకం ఒకటుండేది. 2022లో దాన్ని మార్చి ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్ల పైచదువుకు పోతే నెలకు వెయ్యి ఇచ్చే పుదుమై పెణ్ పథకం చేశారు. పెళ్లికిచ్చే ముడుపు చదువుకిచ్చే నెలసరి అయింది. నెలనెలా వెయ్యి వచ్చే పిల్లను హాస్టల్ మిల్లు ఏజెంటు అంత సులువుగా వ్యాను ఎక్కించగలడా? మన పిల్లలు చౌకగా దొరక్కపోతే మన కూలి రేటు కూడా నిలబడుతుంది. అందుకే పల్లెకు వచ్చే నగదు మిల్లు కార్మికుని కూలికి కూడా దన్ను. ఇది తెలియకుండా ఆఫీసరుతో కలిసి తలవూపడం మన కొమ్మను మనమే నరుక్కోవడం.

కానీ ఆగండి!

ఇంతవరకు చదివి, "అయితే సర్కారు మంచిదే, మనకు ఖాతాలో వేస్తోంది, దండం పెడదాం" అనుకుంటే పొరపాటు. ఇప్పుడు రెండో వైపు చూడండి.

ఒక మానావారి రైతుకు మూడెకరాల పత్తి వుందనుకుందాం. ఎకరాకు నాలుగు క్వింటాళ్లు అనుకుందాం. మొత్తం పన్నెండు క్వింటాళ్లు. వ్యాపారి తేమ వుందనో, చెత్త వుందనో, బజారు పడిందనో క్వింటాలుకు 500 తగ్గించాడు. పన్నెండు ఐదొందలు ఎంత? ఆరు వేలు! ఏడాది పొడవునా మూడు వాయిదాల్లో ఢిల్లీ నుంచి ఫోటోలతో సహా వచ్చిన ఆరు వేలూ ఒక్క పూటలో, ఒక్క కాటా మీద పోయింది. ఖాతాలో పడినప్పుడు ఫోనుకు మెసేజి వచ్చింది. కాటాలో పోయినప్పుడు ఏ మెసేజీ రాలేదు.

ఇంకొక లెక్క. 2018–19లో మధ్యరకం పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 5,150. 2025–26లో 7,710. దాదాపు సగం పెరిగింది. ఖర్చులు పెరిగాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా? మరి 2019లో నిర్ణయించిన 6,000, 2025 చివరికి కూడా 6,000గానే వుంది. అదే దామాషాలో పెంచితే దాదాపు 9,000 కావాలి. మన డి.ఏ.ను ఆరేడేళ్లు కదపకుండా వుంచితే మనం ఊరుకుంటామా? రైతుకు డి.ఏ. లేదు, అడిగే సంఘం బలంగా లేదు, అంతే.

2018లో కత్తెర పురుగు వచ్చింది. పత్తి గిట్టక మక్కజొన్నకు మారిన మన రైతుల చేలను ఆ రబీలో తినేసింది. ఇక పంట నష్టపోతే విపత్తు సాయం కింద 2022లో కేంద్రం పెట్టిన రేటు మానావారి పైరుకు హెక్టారుకు 8,500. అంటే ఎకరాకు సుమారు 3,400. దున్నకం కూలికీ, ఒక డి.ఎ.పి. బస్తాకీ పోగా మిగిలేదెంత?

నగదు ఇవ్వడం వెనుక ఇంకొక ఆలోచన వుంది. అది కూడా మన పాఠకులకు తెలియాలి. 1994లో మెక్సికో, అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో చేరినప్పుడు అక్కడి మక్కజొన్న రైతుకు ధర గ్యారంటీ తీసేసే దారి పట్టింది. దాని బదులు ప్రోకాంపో అనే పేరుతో హెక్టారుకింత అని నగదు ఇచ్చింది. 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లో కూడా ఇదే సూత్రం. పంట ధరకు ముడిపెట్టి ఇస్తే తప్పు, పంటతో సంబంధం లేకుండా నేరుగా నగదు ఇస్తే ఒప్పు. అంటే ఏమిటి? బజారును ముట్టుకోకండి, బజారు దెబ్బకు పడినవాడికి కావాలంటే కట్టు కట్టండి! కట్టు వద్దని మనం అనం. దెబ్బ కొట్టేవాడి చెయ్యి కూడా పట్టుకోవాలంటున్నాం.

పుదుచ్చేరిలో జరిగింది చూడండి. 2015లో అక్కడ రేషన్ బదులు ఖాతాలో నగదు వేసే ప్రయోగం మొదలైంది. తర్వాత రేషన్ దుకాణాలే మూతపడ్డాయి. బజారులో బియ్యం ధర పెరిగితే ఖాతాలో డబ్బు దాంతోపాటు పెరగదు. చివరికి 2024లో దుకాణాలు మళ్లీ తెరవవలసి వచ్చింది. రేషన్ బియ్యం కొనసాగుతూ పైన నగదు వస్తే అది సాయం. బియ్యం తీసేసి నగదిస్తే అది మోసం. ఈ రెంటికీ తేడా మరవకండి.

రైతును, కార్మికుణ్ణి కొట్టించే ఆట

ఇక్కడ మనకు నిజంగా చిక్కు ప్రశ్న ఒకటుంది. తప్పించుకోకుండా మాట్లాడుకుందాం. 2021 బడ్జెట్‌లో విదేశీ పత్తి మీద దిగుమతి సుంకం వేశారు. అన్నీ కలిపి 11 శాతం. 2022లో కొన్ని నెలలు తీసేశారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు మళ్లీ తీసేసి, ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పొడిగించారు. యాజమాన్యాలు మనతో ఏమన్నాయి? "పత్తి చౌకగా వస్తేనే మిల్లు నడుస్తుంది. మిల్లు నడిస్తేనే నీకు పని. రైతు అరుస్తాడు, నువ్వు మాత్రం మాతో వుండు" అన్నాయి.

మిల్లు నడవాలి, నిజమే. పత్తి దొరక్కపోతే షిఫ్టులు తగ్గుతాయి, అదీ నిజమే. కానీ పత్తి చౌకైన ఏ ఏడాదైనా ఆ మిగులు మన బోనస్‌లో కనపడిందా? కూలి ఒప్పందంలో కనపడిందా? పత్తి పిరమైనప్పుడు నష్టం మన నెత్తిన, చౌకైనప్పుడు లాభం వాళ్ల పెట్టెలో. పత్తి ధర పడితే మన తమ్ముడి పొలం పోతుంది. పొలం పోయినవాడు ఎక్కడికొస్తాడు? మన గేటు ముందుకే వస్తాడు, మనకన్నా తక్కువ కూలికి! అప్పుడు యాజమాన్యం మన వంక చూసి నవ్వుతుంది. చౌక పత్తి చివరికి చౌక కార్మికుణ్ణే తయారుచేస్తుంది.

కాబట్టి మన మాట ఇది: దిగుమతి చేసుకోవలసి వస్తే చేసుకోండి, కానీ ముందు ఇక్కడి పత్తిని మద్దతు ధరకు కాటన్ కార్పొరేషన్ చేత కొనిపించండి. రైతు గింజ అమ్ముకోకముందే గేట్లు తెరవకండి.

ఎవరికి అందలేదు?

ఇప్పుడు మన ఇంటి లోపలి సంగతి. కొందరికి కోపం రావచ్చు. అయినా చెప్పక తప్పదు.

పి.ఎం. కిసాన్ డబ్బు పట్టాకు వస్తుంది, దున్నేవాడికి కాదు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేర వుందో వాళ్లకే. కౌలుదారుకు లేదు. భూమి లేని కూలీకి లేదు. 2015–16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేర వున్నవి నూటికి 14. విత్తేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడవాళ్లు. ఖాతా మాత్రం ఆయనది. తాత పేర మిగిలిపోయిన కూటు పట్టాల మీద నలుగురు అన్నదమ్ములు వి.ఏ.ఓ. ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నారు. అదే సమయంలో, 2020లో, ఇదే రాష్ట్రంలో 5 లక్షలకు పైగా అనర్హుల పేర్లు ఎక్కించి 110 కోట్ల రూపాయలు కాజేసిన కుంభకోణం బయటపడి సి.బి.సి.ఐ.డి. విచారణ జరిగింది. దున్నేవాడికి సవాలక్ష కాగితాలు, దొంగకు తెరిచిన తలుపులు!

తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరాకు సీజనుకు 4,000, తర్వాత 5,000. మంచి సంగతే, పెట్టుబడి సమయానికి చేతికొచ్చింది. కానీ ఎకరాల లెక్కన ఇచ్చారు. రెండెకరాలవాడికి ఏడాదికి 20 వేలు, ఇరవై ఎకరాలవాడికి 2 లక్షలు. కౌలు రైతుకు సున్న. పైగా ఎకరాకు ఇంత వస్తుందని తెలిశాక కౌలు తగ్గించిన భూస్వామి ఎంతమంది? మరోవైపు చేయాలనుకుంటే చేయవచ్చని కూడా రాష్ట్రాలే చూపించాయి. ఒడిశాలో 2019లో కాలియా పథకం కౌలుదార్లనూ, భూమి లేనివాళ్లనూ కలుపుకుంది. ఆంధ్రలో 2019 అక్టోబర్‌లో మొదలైన రైతు భరోసా ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కౌలు రైతులను చేర్చింది. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 ఇచ్చే పథకం ప్రారంభించింది. వీటి అమలులో లోపాలున్నాయి. కానీ 'వీలుకాదు' అనే సాకు మాత్రం చెల్లదు.

ఇక మనం! మిల్లులో పర్మనెంటు పనిలో వుంటూ, ఊళ్లో మూడు నాలుగు ఎకరాలు వేరొకరికి వారానికో, కుత్తగైకో ఇచ్చినవాళ్లు మన సంఘంలో లేరా? వున్నారు. పట్టా మన పేర వుంది కాబట్టి ఆరు వేలు మన ఖాతాలో పడతాయి. పంట నష్టం సాయం మన ఖాతాలో పడుతుంది. పురుగు తిన్న చేలో నిలబడి ఏడ్చినవాడు వేరే మనిషి. చాలా చోట్ల అతను అరుంధతియ సోదరుడు, మన భాషే మాట్లాడేవాడు. గేటు దగ్గర 'పనిచేసేవాడికే ఫలితం' అని నినాదం ఇచ్చి, ఊళ్లో పనిచేయని ఫలితం జేబులో వేసుకుంటే ఆ నినాదానికి విలువేముంది? యాజమాన్యం మన కష్టం తింటోందని మనమంటాం. ఆ చేలో మనం ఎవరం?

"అడంగల్‌లో అతని పేరు రాయిస్తే రేపు భూమి నాదంటాడేమో" అని భయం. ఆ భయం పుట్టుక మనకు తెలుసు. 1955 నాటి కౌలుదారుల రక్షణ చట్టం, 1969 నాటి కౌలు హక్కుల నమోదు చట్టం వచ్చిననాటి నుంచీ వుంది. కానీ భయపడి నోటిమాట కౌలుతో ఎంతకాలం? పేరు లేనివాడికి బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు, నష్టపరిహారం లేదు. చివరికి అతనికి మిగిలేది కందు వడ్డీయే.

పెద్దలు నేర్పిన పాఠం

రైతు నాయకుడు నారాయణస్వామి నాయుడు 1984 డిసెంబర్‌లో మన కోవిల్‌పట్టిలోనే కన్నుమూశాడు. కరెంటు రేట్ల మీద ఎడ్లబండ్లతో కోయంబత్తూరును దిగ్బంధం చేసిన మనిషి. ఆ పోరాటాల ఫలితంగానే తర్వాత రైతుకు ఉచిత కరెంటు వచ్చింది. అది గొప్ప విజయం. కానీ ఆ విజయం మోటారున్నవాడికి చేరింది. బావి లేని, మోటారు లేని మానావారి రైతుకు ఏం చేరింది? సాయాన్ని దేనికి ముడివేస్తారో అది వున్నవాడికే సాయం పోతుంది. కరెంటును మోటారుకు ముడివేశారు. ఆరు వేలను పట్టాకు ముడివేశారు. రెండూ లేనివాడికి రెండూ లేవు. అందుకే రాష్ట్రంలో ఆడవాళ్లకిచ్చిన వెయ్యిని గమనించమన్నది. దాన్ని భూమికి ముడివేయలేదు, మనిషికి ముడివేశారు. ముడి ఎక్కడ వేయాలన్నదే అసలు పోరాటం.

"ఇవన్నీ ఓట్ల ముష్టి, సంఘం వీటి జోలికి పోకూడదు" అనే కామ్రేడ్లు కూడా వున్నారు. వాళ్లకొక మాట. బోనస్‌ను ఒకప్పుడు యజమాని దయ అన్నారు. పండక్కి మిఠాయితో ఇచ్చేవాడు, ఇష్టం లేకపోతే మానేసేవాడు. కార్మికులు కొట్లాడి 1965లో దాన్ని చట్టం చేయించారు. ముష్టిని హక్కుగా మార్చడమే సంఘం పని. ఆ వెయ్యి రూపాయల పథకం పేరులోనే 'హక్కు' అని వుంది. పేరులో వున్నది చట్టంలోకి రావాలి. ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ ఎన్నికలు వచ్చినా తీయలేని విధంగా రావాలి. 2005లో చట్టంగా వచ్చిన వంద రోజుల పనినే 2025 డిసెంబర్‌లో పార్లమెంటులో మార్చేశారు. చట్టమున్నదానికే ఈ గతి అయితే ఉత్త ఉత్తర్వు మీద నడిచేదానికి ఏ దిక్కు?

మనం అడిగేది

1. పి.ఎం. కిసాన్ మొత్తాన్ని ఖర్చుల సూచితో కలిపి ఏటా పెంచాలి. మన డి.ఏ. లాగా.

2. కౌలుదారుకు, పట్టా లేని ఆడరైతుకు, భూమి లేని కూలీ కుటుంబానికి వర్తింపజేయాలి. అడంగల్‌లో సాగుదారు పేరు విధిగా రాయాలి.

3. కరిసల్ సీమలో వాయిదా పురట్టాసికి ముందే, విత్తనం కొనే వేళకు పడాలి. పంట పోయాక వచ్చే డబ్బు వడ్డీకే పోతుంది.

4. నగదు పేరు చెప్పి రేషన్ గాని, మద్దతు ధర గాని, కూలిపని గ్యారంటీ గాని తగ్గించడానికి వీల్లేదు.

5. పత్తికి, మక్కజొన్నకు, మినుముకు మన తాలూకాల్లోనే మద్దతు ధర కొనుగోలు కేంద్రాలు తెరవాలి. కాటా దగ్గర రైతు ప్రతినిధి వుండాలి.

ఇవి సర్కారును అడిగేవి. మనల్ని మనం అడగవలసినది ఒకటుంది. సంఘ సభ్యుల్లో భూమి కౌలుకిచ్చినవాళ్లు ఈ సీజను నుంచి ఆ ఆరు వేలను, పంట నష్టం సాయాన్ని దున్నేవాడికి అప్పగించాలి, లేదా కౌలులో తగ్గించాలి. కౌలును కాగితం మీద పెట్టాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం పెట్టబోతున్నాం. వ్యతిరేకించేవారు వచ్చి మాట్లాడండి, చాటున గొణగవద్దు. ఈ పని మనం చేయకుండా రెండో కోరికతో కలెక్టర్ ఆఫీసు ముందు నిలబడితే, ఆ కౌలుదారు సోదరుడు మన జెండా వెనుక ఎందుకు నడవాలి?

మళ్లీ ఆ గేటు దగ్గరికి వద్దాం. రేపు ఇంకొక ఆఫీసరు ఇంకొక మాట అంటాడు. "ఊళ్లో డబ్బిస్తున్నారు, జనం సోమరులయ్యారు" అంటాడు. అప్పుడు తలవూపకండి. నెమ్మదిగా అడగండి: "సార్, మూడెకరాల పత్తికి క్వింటాలుకు ఐదొందలు తగ్గితే ఎంత పోతుందో లెక్క చెప్పండి." ఆయన జవాబు చెప్పేలోపు మన షిఫ్టు సైరన్ మోగుతుంది. లోపలికి నడుద్దాం. లెక్క మాత్రం మరచిపోవద్దు.

ఖాతాలో వేసింది హక్కు కావాలి! కాటాలో లాగేది ఆగాలి!

దున్నేవాడికి పేరు, పండినదానికి ధర, చేసినదానికి కూలి!

రైతు – కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!